మంచు మైదానంలో పంతులమ్మ
మారిబెల్ విన్సన్ ఓవెన్ జీవితం

స్వర్ణోత్సవ సంచిక అంటే మన బడి, మన మాస్టార్లు, మన జ్ఞాపకాలే ఎక్కువగా ఉంటాయి. ఉండాలి కూడా. వాటి మధ్య మనకు ఏ చుట్టరికమూ లేని ఒక పంతులమ్మ కథకు కాస్త చోటు ఇవ్వమని పాఠకులను కోరుతున్నాను. ఆమెది అమెరికా. ఆమె నేర్పింది లెక్కలూ కాదు, వ్యాకరణమూ కాదు. మంచు మీద స్కేటింగ్. ఆమె కన్నుమూసి ఆరు దశాబ్దాలు దాటిపోయింది.

అంత దూరపు మనిషి కథ మనకెందుకు అంటే, ఉపాధ్యాయులూ పూర్వ విద్యార్థులూ కూర్చున్న చోట తరచూ వచ్చే రెండు ప్రశ్నలకు ఆమె జీవితంలో జవాబు దొరుకుతుంది. బాగా ఆడినవాళ్లు బాగా నేర్పగలరా? నేర్పినవాళ్లు పోయాక వాళ్ల పాఠం ఎక్కడ మిగులుతుంది? ఆమె పేరు మారిబెల్ విన్సన్ ఓవెన్.

ఆట గురించి రెండు మాటలు

మన పిల్లలకు చక్రాల స్కేటింగ్ తెలుసు. మారిబెల్ ఆడింది దానికి పెద్దక్క వంటి ఆట. బూటు కింద చక్రాల బదులు సన్నని ఉక్కు బ్లేడు ఉంటుంది. దానికి లోపలి వైపు ఒక అంచు, బయటి వైపు ఒక అంచు. గడ్డకట్టిన మంచు మీద ఏ అంచు మీద ఒరిగి వెళితే ఆ వైపుకు గీత పడుతుంది. అలా ఒంటికాలి మీద జారుతూ మంచు మీద బొమ్మ గీయడం నుంచే దీనికి ఫిగర్ స్కేటింగ్ అనే పేరు వచ్చింది.

టీవీలో మనం చూసే గెంతులు, గిరగిరా తిరగడాలు ఆటలో ఒక భాగం మాత్రమే. మారిబెల్ కాలంలో మొత్తం మార్కుల్లో 60 శాతం ఈ గీతలకే ఉండేవి. వాటిని స్కూల్ ఫిగర్స్ అని కూడా పిలిచేవారు. 8 అంకెను మంచు మీద గీసి, మళ్లీ అదే గీత మీద రెండోసారి, మూడోసారి వెళ్లాలి. గీత వెంట్రుకవాసి పక్కకు జరిగినా న్యాయనిర్ణేతలు వంగి చూసి పట్టేసేవారు. అంటే కాపీ పుస్తకంలో దస్తూరీ దిద్దినట్టే. ప్రేక్షకులకు అందులో చూడడానికి పెద్దగా ఏమీ ఉండదు. 1990 తర్వాత ప్రపంచ స్థాయి పోటీల నుంచి దాన్ని తీసేశారు కూడా. అయితే ఆ దిద్దుడులోనే ఒక తరం స్కేటర్లు తయారయ్యారు. మారిబెల్‌ను అర్థం చేసుకోవాలంటే ఈ సంగతి తెలియాలి.

స్కేటర్ల ఇంట పుట్టిన పిల్ల

1911 అక్టోబరు 12న మసాచుసెట్స్ రాష్ట్రంలో మారిబెల్ పుట్టింది. బోస్టన్ నగరానికి ఉత్తరాన ఉన్న వించెస్టర్ అనే చిన్న ఊరు ఆమె సొంతూరు. తండ్రి థామస్ విన్సన్, తల్లి గెర్‌ట్రూడ్ ఇద్దరికీ స్కేటింగ్ వచ్చు. చలికాలంలో చెరువులు గడ్డకట్టే ప్రాంతం అది. మన దగ్గర పిల్లలు చెరువులో ఈత నేర్చుకున్నంత సహజంగా అక్కడి పిల్లలు స్కేటింగ్ నేర్చుకుంటారు. మారిబెల్ కూడా ఊహ తెలిసీ తెలియని వయసులోనే మంచు మీదికి దిగింది.

పద్ధతిగా నేర్చుకున్నది మాత్రం బోస్టన్ స్కేటింగ్ క్లబ్బులో, విల్లీ ఫ్రిక్ అనే జర్మన్ శిక్షకుడి దగ్గర. ఆ క్లబ్బుకు అప్పటికే పేరుంది. 1914లో అమెరికా తొలి మహిళా జాతీయ చాంపియన్‌గా నిలిచిన థెరీసా వెల్డ్ కూడా బోస్టన్ వనితే. పెద్ద ఆటగత్తెల్ని రోజూ కళ్లెదుట చూస్తూ పెరగడం మారిబెల్‌కు కలిసివచ్చింది.

తొమ్మిదిసార్లు జాతీయ చాంపియన్

1928లో, 16 ఏళ్ల వయసులో, మారిబెల్ తొలిసారి జాతీయ మహిళా చాంపియన్ అయింది. 1933 దాకా వరుసగా ఆరేళ్లు ఆ కిరీటం ఆమెదే. 1934లో సూజన్ డేవిస్ గెలిచింది. 1935, 1936, 1937లో మళ్లీ మారిబెల్. మొత్తం తొమ్మిది. ఇవి కాక జంట విభాగంలో థార్న్‌టన్ కూలిడ్జ్‌తో రెండుసార్లు, జార్జ్ హిల్‌తో నాలుగుసార్లు జాతీయ విజేత. అన్నీ కలిపితే 15 జాతీయ బిరుదులు.

ఇంతటి ఆటగత్తెకు ప్రపంచ చాంపియన్ కిరీటం గానీ ఒలింపిక్ స్వర్ణం గానీ దక్కలేదు. కారణం ఒక్కటే పేరు: సోంజా హెనీ. ఆ నార్వే అమ్మాయి మారిబెల్ కన్నా కొన్ని నెలలు చిన్నది. 1927 నుంచి 1936 దాకా పదేళ్లూ ప్రపంచ బిరుదు ఆమెదే. మూడు ఒలింపిక్ స్వర్ణాలూ ఆమెవే. మారిబెల్ 1928లో లండన్ ప్రపంచ పోటీల్లో హెనీ తర్వాత రెండో స్థానంలో నిలిచింది. 1930లో న్యూయార్క్‌లో మూడో స్థానం. ఒలింపిక్స్‌లో 1928లో నాలుగో స్థానం. 1932లో సొంతగడ్డ మీద, లేక్ ప్లాసిడ్‌లో, హెనీ, ఆస్ట్రియా క్రీడాకారిణి ఫ్రిట్సి బర్గర్‌ల తర్వాత కాంస్యం. 1936లో జర్మనీలో ఐదో స్థానం.

ఆ కాలంలో పుట్టకపోతే ఆమె ఎన్ని స్వర్ణాలు గెలిచేదో అని లెక్కలు వేసేవాళ్లున్నారు. ఆ లెక్కలతో పని లేదు. తనకంటే పైచేయి అయిన మనిషితో మళ్లీ మళ్లీ తలపడడానికి వెళ్లింది, మళ్లీ వచ్చి 8 అంకె దిద్దింది. నేర్పేవాళ్లకు కావలసిన మొదటి అర్హత బహుశా అక్కడే వచ్చి ఉంటుంది. సులువుగా గెలిచినవాళ్లకు తామెలా గెలిచారో చెప్పడం చేతకాదు. ఎక్కడ తక్కువయిందో ఏళ్ల తరబడి వెతికినవాళ్లే చెప్పగలరు.

చదువు, కలం

ఆటలో పడి చదువు వదిలేసే పిల్లల్ని మనమందరం చూశాం. మారిబెల్ ఆ పని చేయలేదు. అప్పట్లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం అమ్మాయిలను చేర్చుకునేది కాదు. వాళ్ల కోసం పక్కనే రాడ్‌క్లిఫ్ కళాశాల ఉండేది. ఒలింపిక్ కాంస్యం గెలిచిన మరుసటి ఏడాదే, 1933లో, అక్కడ పట్టా పుచ్చుకుంది.

తర్వాత న్యూయార్క్ టైమ్స్ దినపత్రికలో క్రీడా విలేకరిగా చేరింది. ఆ పత్రిక క్రీడా విభాగంలో పనిచేసిన తొలి మహిళ ఆమె. ఉద్యోగం చేస్తూనే 1935 నుంచి మూడేళ్లు జాతీయ బిరుదు నిలబెట్టుకుంది. తన ఆట గురించి మూడు పుస్తకాలు రాసింది. 1938లో కొత్తగా నేర్చుకునేవారికి ఒకటి, 1940లో పై స్థాయివారికి ఒకటి, 1960లో మరొకటి. ఒంటితో చేసే పనిని మాటల్లోకి తేవడం చాలామంది ఆటగాళ్లకు కొరకరాని కొయ్య. ఆమెకు అది పత్రికా రచన వల్ల అలవడింది.

పోటీ నుంచి పాఠానికి

1937లో తొమ్మిదో బిరుదుతో పోటీలకు స్వస్తి చెప్పింది. అప్పటి నియమాలు ఇప్పటి పిల్లలకు వింతగా తోస్తాయి. ఆట మీద ఒక్క పైసా సంపాదించినా, ప్రదర్శనలో పాల్గొని గానీ పాఠం చెప్పి గానీ డబ్బు తీసుకున్నా, ఇక ఒలింపిక్స్ తలుపు మూసుకున్నట్టే. అందుకే నేర్పడం మొదలుపెట్టడం అంటే ఆడడం మానుకోవడమే. మళ్లీ వెనక్కి రాలేని దారి.

ఊరూరా తిరిగే మంచు ప్రదర్శనల్లో కొంతకాలం పనిచేసింది. 1938లో కెనడా స్కేటర్ గై ఓవెన్‌ను పెళ్లి చేసుకుంది. 1940లో పెద్ద కూతురు పుట్టింది, తల్లి పేరే పెట్టారు. 1944లో చిన్న కూతురు లారెన్స్. కాలిఫోర్నియా రాష్ట్రంలో బర్కిలీ ఊళ్లో స్థిరపడి అక్కడి రింకులో నేర్పేవారు. 1949లో భార్యాభర్తలు విడిపోయారు. 1952లో గై ఓవెన్ చనిపోయారు. అదే ఏడాది తండ్రి థామస్ విన్సన్ కూడా కాలం చేశారు. మారిబెల్ ఇద్దరు కూతుళ్లను వెంటబెట్టుకుని వించెస్టర్‌లో తల్లి దగ్గరికి వచ్చేసింది. అమ్మమ్మ, అమ్మ, ఇద్దరు పిల్లలు. ఆ ఇంట్లో నలుగురూ ఆడవాళ్లే. ఇల్లు గడవడానికి ఉన్న ఆధారం మారిబెల్ చెప్పే పాఠాలు.

పంతులమ్మ పద్ధతి

ఆమె మెత్తని టీచరు కాదు. ఆమె శిష్యులెవరూ ఆ మాట అనరు. గొంతు పెద్దది, పని రాక్షసి. పూర్తి చేయని పనిని ఒప్పుకునేది కాదు. మనలో ప్రతి ఒక్కరికీ అలాంటి మాస్టారు ఒకరు ఉండే ఉంటారు. ఎదురుగా ఉన్నప్పుడు గుండె దడ, ఇరవై ఏళ్ల తర్వాత కృతజ్ఞత.

ఆమె చేతిలో తయారైనవారిలో అందరికన్నా ముందు చెప్పుకోవలసిన పేరు టెన్లీ ఆల్‌బ్రైట్. బోస్టన్ సర్జన్ గారి అమ్మాయి. 1946లో, 11 ఏళ్ల వయసులో, పోలియో వచ్చింది. మన దేశంలోనూ ఆ జబ్బు ఎన్ని కుటుంబాలను కుంగదీసిందో పెద్దవాళ్లకు తెలుసు. టెన్లీ కోలుకుని మళ్లీ మంచు మీదికి వచ్చింది. 1952లో ఓస్లో ఒలింపిక్స్‌లో రజతం గెలిచింది. 1953లో, 1955లో ప్రపంచ విజేత. 1956లో ఇటలీలోని కోర్టినా ఒలింపిక్స్‌కు కొద్ది రోజుల ముందు సాధన చేస్తూ పడిపోయింది. ఒక కాలి బ్లేడు రెండో కాలి చీలమండను ఎముక దాకా కోసేసింది. తండ్రి హుటాహుటిన వచ్చి వైద్యం చేశారు. ఆ కాలితోనే ఆడి స్వర్ణం గెలిచింది. మహిళల ఫిగర్ స్కేటింగ్‌లో అమెరికాకు అదే తొలి ఒలింపిక్ స్వర్ణం.

మారిబెల్‌కు మూడు ఒలింపిక్స్‌లో చిక్కని పతకం శిష్యురాలి మెడలో పడింది. ఇంకో సంగతి కూడా గమనించాలి. టెన్లీ కూడా రాడ్‌క్లిఫ్ విద్యార్థినే. పతకం తర్వాత హార్వర్డ్ వైద్య కళాశాలలో చదివి తండ్రిలాగే సర్జన్ అయింది. గురువు నడిచిన బాటే అది. ఆటా ఉండాలి, చదువూ ఉండాలి.

మారిబెల్ పాఠం చాంపియన్లతోనే ఆగలేదు. మేబెల్ ఫెయిర్‌బ్యాంక్స్ అనే నల్లజాతి అమ్మాయిని ఆ రోజుల్లో రంగు కారణంగా రింకుల్లోకి రానిచ్చేవారు కాదు, క్లబ్బుల్లో సభ్యత్వం ఇచ్చేవారు కాదు. పోటీ పడే అవకాశమే ఆమెకు లేదు. అలాంటి అమ్మాయికి మెళకువలు నేర్పినవారిలో మారిబెల్ ఒకరు. ఆ మేబెల్ తర్వాత తానే శిక్షకురాలై, తనకు మూసిన తలుపులను తన శిష్యులకు తెరిపించింది.

ఇద్దరు కూతుళ్లు

తల్లే గురువైతే పిల్లలకు ఇల్లు కూడా బడే. టీచర్ల పిల్లలుగా అదే బడిలో చదివినవారికి ఆ కష్టం విడమరచి చెప్పనక్కర్లేదు. పెద్దమ్మాయి మారిబెల్ జంట స్కేటింగ్‌లోకి వెళ్లింది. ఆమె జోడీ డడ్లీ రిచర్డ్స్. చిన్నమ్మాయి లారెన్స్ ఒంటరి విభాగంలో ఆడేది. చదువులో చురుకు, కవితలు రాసే అలవాటు కూడా ఉండేది. ఇద్దరూ 1960 స్క్వా వ్యాలీ ఒలింపిక్స్‌కు వెళ్లారు. అప్పటికి 15 ఏళ్ల లారెన్స్‌కు ఆరో స్థానం దక్కింది. ఆ పోటీల్లో స్వర్ణం గెలిచిన అమెరికా క్రీడాకారిణి కెరల్ హైస్ రిటైరైంది. ఇక రాబోయే కాలం లారెన్స్‌దే అని అందరూ అనుకున్నారు.

1961 జనవరిలో కొలరాడో స్ప్రింగ్స్‌లో జాతీయ పోటీలు జరిగాయి. మహిళల విభాగంలో లారెన్స్ విజేత. జంట విభాగంలో పెద్దమ్మాయి, డడ్లీ విజేతలు. తొమ్మిదిసార్లు తాను గెలిచిన బిరుదును తన చేత్తో దిద్దిన కూతురు గెలవడం ఆ తల్లి కళ్లారా చూసింది. ఫిబ్రవరిలో ఉత్తర అమెరికా చాంపియన్‌షిప్ కూడా లారెన్స్ గెలిచింది. స్పోర్ట్స్ ఇలస్ట్రేటెడ్ పత్రిక ఫిబ్రవరి 13 సంచికకు ముఖచిత్రం ఆ అమ్మాయే.

1961 ఫిబ్రవరి 15

తర్వాతి మజిలీ చెకోస్లవేకియా రాజధాని ప్రాగ్‌లో ప్రపంచ పోటీలు. అమెరికా జట్టు న్యూయార్క్‌లో బెల్జియం దేశపు సబేనా సంస్థ బోయింగ్ 707 విమానం ఎక్కింది. ఫిబ్రవరి 15 ఉదయం బ్రసెల్స్ విమానాశ్రయంలో దిగవలసిన విమానం, దగ్గరికి వచ్చి కూడా దిగలేక, బెర్గ్ అనే పల్లె పొలాల్లో కూలిపోయింది. విమానంలోని 72 మందీ చనిపోయారు. పొలంలో పని చేసుకుంటున్న ఒక రైతు కూడా ప్రాణాలు కోల్పోయాడు. విమానాన్ని నడిపే యంత్రాంగంలో లోపం వచ్చి ఉంటుందని అనుమానించారు గానీ కారణం కచ్చితంగా తేలలేదు.

చనిపోయినవారిలో 18 మంది అమెరికా స్కేటర్లు. వారి వెంట వెళ్లిన శిక్షకులు, అధికారులు, కుటుంబసభ్యులు 16 మంది. మారిబెల్ వయసు 49. పెద్దమ్మాయికి 20, లారెన్స్‌కు 16. డడ్లీ కూడా అందులోనే ఉన్నాడు. వించెస్టర్ ఇంట్లో గెర్‌ట్రూడ్ విన్సన్ ఒక్కరే మిగిలారు. తొమ్మిదేళ్ల కిందట భర్తను పోగొట్టుకున్న ఆ తల్లి, ఒకే ఉదయం కూతురినీ ఇద్దరు మనవరాళ్లనూ పోగొట్టుకుంది.

ఆ ఏడాది ప్రపంచ పోటీలు రద్దు చేశారు. ఒక దేశపు ఆట మొత్తం ఒక్క రోజులో ఖాళీ అయిపోయింది. ఆటగాళ్లు పోతే మళ్లీ తయారు చేసుకోవచ్చు. తయారు చేసేవాళ్లు కూడా వాళ్లతోపాటే పోయారు. అదీ అసలు నష్టం.

మిగిలింది ఏమిటి

మరి ఆట ఎలా నిలబడింది? ప్రమాదం జరిగిన కొద్ది రోజులకే అమెరికా స్కేటింగ్ సంఘం ఆ జట్టు పేరిట ఒక స్మారక నిధి ఏర్పాటు చేసింది. స్తోమత లేని స్కేటర్ల శిక్షణకూ చదువుకూ అది నేటికీ సాయం చేస్తోంది. విదేశాల నుంచి శిక్షకులు వచ్చారు. విమానంలో పోయిన శిక్షకుల్లో బిల్ కిప్ ఒకరు. ఆయన శిష్యురాలు, అప్పటికి 12 ఏళ్ల పెగ్గీ ఫ్లెమింగ్, 1968లో ఒలింపిక్ స్వర్ణం గెలిచింది.

మారిబెల్ వైపు నుంచి చూస్తే మరో సంగతి కనిపిస్తుంది. ఆమె శిష్యుల్లో ఆ విమానం ఎక్కనివారు ఉన్నారు. వాళ్లలో కొందరు శిక్షకులయ్యారు. రాన్ లుడింగ్టన్ 1960 ఒలింపిక్స్‌లో భార్య నాన్సీతో కలిసి జంట విభాగంలో కాంస్యం గెలిచిన ఆటగాడు. తర్వాత దశాబ్దాలపాటు జంటలకు శిక్షణ ఇచ్చాడు. ఆయన తయారు చేసిన కారథర్స్ అన్నాచెల్లెళ్లు 1984 ఒలింపిక్స్‌లో రజతం గెలిచారు.

ఇంకొకరు ఫ్రాంక్ కారల్. బోస్టన్ ప్రాంతపు కుర్రవాడు, మారిబెల్ దగ్గర నేర్చుకున్నాడు. ఆటగాడిగా ప్రపంచ బిరుదులేమీ గెలవలేదు. శిక్షకుడిగా మాత్రం అమెరికాలో అగ్రగణ్యుల్లో ఒకడయ్యాడు. 2010 వాంకూవర్ ఒలింపిక్స్‌లో పురుషుల స్వర్ణం గెలిచిన ఇవాన్ లైసాచెక్ ఆయన శిష్యుడే. అంతకుముందు దాదాపు పదేళ్లు ఆయన దగ్గర పెరిగిన ఒక అమ్మాయి ఉంది. పేరు మిషెల్ క్వాన్.

మారిబెల్ తొమ్మిది జాతీయ బిరుదుల రికార్డు 1937 నుంచి ఎవరికీ అందకుండా ఉంది. 2005లో తొమ్మిదో బిరుదు గెలిచి దాన్ని సమం చేసింది మిషెల్ క్వానే. అప్పటికి ఆమె వేరే శిక్షకుడి దగ్గర ఉంది గానీ, చిన్ననాటి దిద్దుడు మాత్రం కారల్ చేతిలో పడిందే. అంటే 68 ఏళ్లు నిలిచిన గురువు రికార్డును అందుకున్నది ఆ గురువుకు శిష్యుడి శిష్యురాలు. మారిబెల్ ఉంటే దీనికి బాధపడేదని ఏ టీచరూ అనుకోరు.

మొదట వేసిన ప్రశ్నలకు ఇదే జవాబు అనుకుంటాను. బిరుదులు పుస్తకాల్లో అంకెలుగా ఉంటాయి, ఎప్పుడో ఒకప్పుడు ఎవరో ఒకరు వాటిని దాటుతారు. పాఠం మాత్రం ఒక మనిషి నుంచి ఇంకో మనిషికి వెళుతుంది. ఆ రోజు విమానంలో ఉన్నవన్నీ పోయాయి. మారిబెల్ అంతకుముందే ఇచ్చేసినవి మాత్రం పోలేదు. ఇతరుల చేతుల్లో ఉన్నాయి కాబట్టి అవి ఆ విమానం ఎక్కలేదు.

అమెరికా స్కేటింగ్ సంఘం 1976లో ఆమెకు తమ కీర్తిమందిరంలో చోటిచ్చింది. వించెస్టర్ ఊరు ఇంకో విధంగా గుర్తు పెట్టుకుంది. అక్కడ ఒక ప్రాథమిక పాఠశాల ఉంది. దాని పేరు విన్సన్-ఓవెన్ పాఠశాల. తల్లి పేరూ ఇద్దరు కూతుళ్ల పేరూ ఆ ఒక్క మాటలో కలిసే ఉన్నాయి. ఆరేళ్ల పిల్లలు రోజూ పుస్తకాల సంచీలతో ఆ గుమ్మం దాటుతారు. వాళ్లలో చాలామందికి ఆ పేరు వెనుక కథ తెలియకపోవచ్చు. తెలియకపోయినా వాళ్లు చదువుకుంటున్నది ఆమె పేరు నీడలోనే.

మన బడి యాభై ఏళ్ల హాజరుపట్టీల్లోనూ అలాంటి పేర్లు ఎన్నో ఉన్నాయి. రిటైరై ఊళ్లోనే ఉన్నవారు, ఊరు విడిచి వెళ్లినవారు, ఇప్పుడు మన మధ్య లేనివారు. ఈ ఉత్సవానికి వచ్చిన ప్రతి పూర్వ విద్యార్థీ తన చేతిరాతలోనో, మాటతీరులోనో, పని చేసే పద్ధతిలోనో ఎవరి దిద్దుడు ఉందో ఒకసారి వెతికి చూసుకోవాలి. ఆ మాస్టారు ఇంకా ఉన్నట్లయితే వెళ్లి ఆ సంగతి చెప్పి రావాలి. లేకపోతే ఆ పద్ధతిని ఇంకొకరికి నేర్పితే చాలు.